మూడో కిలోవాట్

మిర్యాలగూడ,
9 ఫిబ్రవరి 2025

అక్కా,

ఉత్తరం చూసి భయపడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. పాతికేళ్లు రైస్ మిల్లులో మోటార్ల పక్కన నిలబడ్డ చెవులు ఇక ఫోనుకు పనికిరావని డాక్టర్ తేల్చేశాడు. నువ్వు పంపే వాయిస్ మెసేజులు నీ మరదలు స్వాతి విని నాకు సైగలతో చెబుతోంది. నువ్వు రెండు నిమిషాలు తిడితే ఆమె ఒక్కసారి చెయ్యి ఊపి సరిపెడుతోంది. నీకేమో ఫోన్‌లో టైపు చేయడం రాదు. బావ ఎలాగూ కోదాడ-మిర్యాలగూడ బస్సు మీద కండక్టరే కాబట్టి ఉత్తరానికి స్టాంపు ఖర్చు కూడా లేదు.

ముందు ఒక మాట చెప్పాలి. మొన్న నా వంతు మూడు నెలలు అయిపోగానే అమ్మను సంచితో సహా సీట్లో కూర్చోబెట్టి, బావకు అప్పజెప్పి, మిల్లుకు పరుగెత్తాను. బస్సు కదిలేదాకా కూడా నిలబడలేదు. ఆమె కిటికీలోంచి నా కోసం చూసిందో ఏమో. కన్నతల్లిని పార్సిల్ పంపినట్టు పంపానే అని అప్పటి నుంచి మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. నువ్వన్నా మంచిగా చూసుకో.

ఇక అసలు సంగతి. ఇంటి మీద సోలార్ పెట్టిద్దామని ఉంది. మనకు తెల్లకార్డు లేదు, రెండొందల యూనిట్ల దాకా సర్కారు ఇచ్చే జీరో బిల్లు రాదు. రెండొందల యూనిట్లు దాటిన నెల మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. నేను రోజూ మీటర్ ముందు నిలబడి కేకలు పెట్టలేక చస్తున్నాను. సూర్యాపేటలో ఉపేందర్ అని సోలార్ పెట్టే అతనున్నాడు. నీ ఇల్లూ నా ఇల్లూ కలిపి తీసుకుంటే రేటు తగ్గిస్తానన్నాడు. కానీ అతను ఏ ఇంటికైనా ఐదు కిలోవాట్లే అంటాడు, గుడిసెకైనా ఐదే. అందుకని లెక్క నేనే కడతానన్నాను.

నువ్వు చేయాల్సింది సులువే. ప్రతి వస్తువు మీద వాట్లు రాసి ఉంటాయి. రోజుకు ఎన్ని గంటలు వాడతావో దానితో హెచ్చించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. డెబ్బై వాట్ల ఫ్యాన్ పదిహేను గంటలు తిరిగితే ఒక యూనిట్. కప్పు మీద ఒక కిలోవాట్ పలకలు పెడితే సుమారు రోజుకు నాలుగు యూనిట్లు, నెలకు నూటఇరవై ఇస్తాయి. నీ వస్తువుల పేర్లూ గంటలూ రాసి, ఏడాది బిల్లులు జతచేసి బావ చేతికి ఇవ్వు. మిగతాది నా పని.

అమ్మకు నా దండాలు చెప్పు.

నీ తమ్ముడు
మురళీధర్


కోదాడ,
20 ఫిబ్రవరి

మురళీ,

నీ ఉత్తరం టికెట్ల సంచిలోంచి తీసి ఇస్తూ మీ బావ, "నాకు పెళ్లైన కొత్తల్లో కూడా మీ ఇంటి నుంచి ఇంత పెద్ద ఉత్తరం రాలేదే!" అన్నాడు. చదివి ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు సంగతి దగ్గర మాత్రం నవ్వలేకపోయాను.

నువ్వే అలా అంటే నేనేం చెప్పాలిరా? పెళ్లిళ్ల సీజన్ కదా, కుట్టు షాపు తెరిచానంటే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. పిల్లలు హాస్టళ్లలో, మీ బావ బస్సులో. అమ్మ రోజంతా ఒక్కతే ఉంటుంది. "తిన్నవా అమ్మా" అన్న మాట తప్ప రెండో మాట మాట్లాడని రోజులున్నాయి. మంది జాకెట్లకు ఎన్ని కుట్లు వేశానో చెప్పగలను కానీ అమ్మ చీర అంచు ఎప్పుడు చిరిగిందో చూసుకోలేదు.

నువ్వడిగినవి రాశాను. నాలుగు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మిషన్, గీజర్, నీళ్ల మోటార్, హాల్లో కూలర్. గంటలు కూడా వేశాను. కూలర్ ఎండాకాలం పగలంతా అని రాశాను, చూసుకో. నేను రాస్తుంటే అమ్మ పక్కకు వచ్చి కూర్చుంది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"ఇంట్లో ఎవరెవరికి ఎంత కరెంటు కాలుతుందో తమ్ముడు రాసి పంపమన్నాడమ్మా."

"నాది రాయకు. నేనేం కాలుస్త?"

నవ్వేసి జాబితా ముగించాను. నా భాషను ఎక్కిరించకు, ఇరవై ఎనిమిదేళ్లు ఈ ఆంధ్ర పొలిమేర ఊళ్లో కాపురం చేస్తే నువ్వూ ఇలాగే మాట్లాడతావు.

గోపిక


మిర్యాలగూడ,
2 మార్చి

అక్కా,

నీ జాబితా కూడితే నెలకు రెండొందల తొంభై యూనిట్లు కాలాలి. నీ బిల్లులు ఒక్కసారి కూడా రెండొందల ముప్పై దాటలేదు. కొంచెం ఎక్కువ రాసి ఉంటావులే అనుకున్నాను. కానీ బిల్లులు నెలల వారీగా పరిచి చూస్తే ఒక సంగతి కనపడింది. అది రాయాలంటే చెయ్యి ఆడటం లేదు, అయినా రాస్తున్నాను.

పోయిన జూలైలో నీకు రెండొందల ఇరవై ఎనిమిది వచ్చింది. ఆగస్టులో అమ్మ నీ దగ్గరికి వచ్చింది, నూటడెబ్బై ఒకటికి పడిపోయింది. అమ్మ ఉన్న మూడు నెలలూ అంతే. నవంబర్లో ఆమె మా ఇంటికి రాగానే నీకు మళ్లీ రెండొందల పద్నాలుగు. చలి మొదలయ్యే నెలలో ఫ్యాన్లు తగ్గాలి కానీ బిల్లు పెరగడం ఏమిటి? కాగితాలు చూసి ఉపేందర్ కూడా అడిగాడు. "ఇంట్ల మనిషి పెరిగితే యూనిట్లు తగ్గుడేంది సార్?" అని.

నాకు తోచింది ఒకటే. అమ్మ ఉన్నప్పుడు మీరు ఫ్యాన్లు, కూలర్ బంద్ పెడుతున్నారు. ఆమె మీద చేసే ఖర్చు ఆమె వాడే కరెంటులో మిగిల్చుకుంటున్నారు. బావ చెప్పాడో నువ్వే చేశావో తెలియదు. పెన్‌పహాడ్‌లో గొర్ల మంద వెంట తిరిగి మనల్ని సాకిన మనిషికి కూతురి ఇంట్లో గాలి కూడా కరువైందా అక్కా? ఖర్చు బరువైతే చెప్పు, నా వంతు ఆరు నెలలు చేసుకుంటాను.

కోపంతో రాశాను. చింపేద్దామనుకుని కూడా చింపలేదు.

మురళీధర్


కోదాడ,
11 మార్చి

మురళీధర్‌కు,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. కానీ తడుముకున్నాను. మీ బావకు నీ ఉత్తరం చూపించలేదు. చూపిస్తే మీ ఊరి బస్సు ఎక్కడం మానేస్తాడు, ఇక ఉత్తరాలూ ఉండవు. రెండు రోజులు అన్నం సయించలేదు. అంత మాట ఎలా రాశావురా?

తర్వాత మధ్యాహ్నమే షాపు మూసి, చెప్పకుండా ఇంటికి వెళ్లాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఫ్యాన్ లేదు, లైటు లేదు. ఫ్రిజ్ ప్లగ్ పీకి ఉంది. వాషింగ్ మిషన్‌లో వేద్దామని నేను తీసి ఉంచిన దుప్పట్లు అమ్మ పెరట్లో నల్లా కింద కూర్చుని చేత్తో ఉతుకుతోంది. చెమటకు జాకెట్ ఒంటికి అతుక్కుపోయింది. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికినదానిలా లేచి నిలబడింది.

"ఇదేంటమ్మా, ఫ్యాన్ అయినా వేసుకోవా?"

"ఇంట్ల ఎవలు లేరు గద బిడ్డా."

"నువ్వున్నావు కదమ్మా!"

"నేనా?" అని నవ్వింది. "గొర్ల ఎంబడి ఎండల తిరిగినదాన్ని, నాకు ఫ్యానేంది? బిడ్డ ఇంట్ల తినుడే ఎక్కువ. అల్లుని కష్టం ఊకె గాలిల తిరగాల్నా?"

నేను వచ్చే వేళకు అన్నీ వేసి పెడుతోందట. నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, ఆమె దాని కింద కూర్చుని ఉంటుంది. ఇన్నేళ్లూ నేను చూసింది అదే. మీ బావ ఏనాడూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు, నేనూ అనలేదు. కానీ వాడుకోమని కూడా ఎవరం అనలేదురా. ఆ మాట ఇప్పుడు నన్ను తినేస్తోంది.

నా మీద నీకు కోపముంటే ఉండనీ. ముందు నీ బిల్లులు తీసి పరుచు. అక్కడ ఆమె వాడుకుంటోందేమో చూసి నాకు చెప్పు.

గోపిక


మిర్యాలగూడ,
23 మార్చి

అక్కా,

తప్పయింది. నీ కాళ్ల మీద పడాలి.

నా బిల్లులు తీశాను. అక్టోబర్ రెండొందల ఇరవై రెండు. నవంబర్లో అమ్మ వచ్చింది, నూటఅరవై మూడు. డిసెంబర్, జనవరి అంతకన్నా తక్కువ. ఫిబ్రవరిలో నీ దగ్గరికి పంపాను, రెండొందల నాలుగు. కళ్ల ముందే ఉన్నాయి, ఏ నెలకా నెల చూసి సంతోషపడటమే తప్ప పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. మిల్లులో పది మోటార్ల లోడు నిద్రలో అడిగినా చెబుతాను, ఇంట్లో ఒక ముసలమ్మ లోడు తెలియలేదు.

మీటర్ రీడింగ్ తీసే పిల్లగాడు చీటీ ఇవ్వగానే నేను వాకిట్లోనే చదివేవాణ్ని. "శెభాష్ స్వాతీ! ఈ నెల రెండొందలు దాటలే!" అని. స్వాతి మురిసిపోయేది. అమ్మ మూలన నిలబడి నవ్వేది. దాటిన నెల ఎన్ని మాటలన్నానో గుర్తు లేదు. చెవులు పోయినవాడికి తన అరుపు ఎంత పెద్దదో తెలియదు కదా, ఇల్లంతా దద్దరిల్లేదట.

నిన్న స్వాతిని అడిగితే ఏడ్చింది. "గీజర్ వేద్దామనేటాల్లకు కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగుతుండేటియి. అత్తమ్మకు పొయ్యి మీది నీళ్లంటే ఇష్టమేమో అనుకున్న" అంది. స్వాతి అంగన్‌వాడీకి, నేను మిల్లుకు పోయాక ఇక్కడ కూడా అంతా బందే అన్నమాట.

ఒక్కటి తెలిసింది. పాత బిల్లులు చూసి సోలార్ లెక్క కట్టడం తప్పు. కాలిన యూనిట్లు బిల్లులో ఉంటాయి, కాలకుండా ఎవరో ఓర్చుకున్నవి ఉండవు. బిల్లు ప్రకారం నాకు రెండు కిలోవాట్లు చాలు. ఇప్పుడు అమ్మకు పగలు కూలర్, రాత్రీ పగలూ ఫ్యాన్, స్నానానికి గీజర్, అన్నీ కలిపి మళ్లీ లెక్క వేశాను. మూడు కిలోవాట్లు కావాలి. మూడో కిలోవాట్ అమ్మది.

ఉపేందర్‌కు పని అప్పజెప్పాను. మూడొందల చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలంటే స్వాతి బట్టల తీగలు పీకేశాను. వాడగా మిగిలిన కరెంటు మళ్లీ లైన్‌లోకి పోతుంది, నెట్ మీటర్ దాన్ని లెక్కగట్టి బిల్లులో తగ్గిస్తుంది. ఎండ ఎవడబ్బ సొమ్మూ కాదు కదా. ఇంక ఆమె ఎందుకు ఆపుకుంటుంది?

నీది కూడా మూడుకే రాయించనా? మొన్నటి మాటలు మనసులో పెట్టుకోకు.

మురళి


కోదాడ,
19 ఏప్రిల్

తమ్ముడూ,

మొన్నటి మాటలు మనసులోంచి తీసేశాను, పూర్తిగా కాదు గానీ చాలావరకు. మాకు ఇప్పుడే సోలార్ వద్దు, ముందు నీది చూశాక చూద్దామంటున్నాడు మీ బావ.

అమ్మను సోమవారమే పంపిస్తున్నాను. నా వంతు ఇంకా మిగిలి ఉందని తెలుసు. మా ఆడబిడ్డ కూతురికి ఓణీల ఫంక్షన్ మా ఇంట్లోనే చేస్తున్నారు, ఇల్లంతా చుట్టాలు. పడుకోవడానికి అమ్మకు మంచం వేసే చోటు లేదు. చెబితే ఏమనుకుంటుందోనని రెండు రోజులు నాన్చితే ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. "గట్లనే బిడ్డా, ఎప్పుడు పోవాలె?" అని సంచి తీసింది. ఆ సంచి ఎప్పుడూ సగం సర్దే ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది. ఎండలు ముదిరే వేళ ముందుగా పంపడం నాకు ఇష్టం లేదురా. అయినా పంపుతున్నాను.

ఒక మంచి మాట కూడా చెప్పనీ. నీ సోలార్ గురించి అమ్మ రోజూ అడుగుతోంది. మిగిలిన కరెంటు ఏమవుతుందంటే, "నీ కొడుకు పాలు అమ్మినట్టు కరెంటు అమ్ముకుంటాడమ్మా!" అన్నాను. ఎన్నాళ్లకో కడుపారా నవ్వింది. అప్పటి నుంచి పక్కింటి వాళ్లందరికీ, "మా మురళి కరెంటు అమ్ముతడు" అని చెబుతోంది. ఆ నవ్వు నీకు వినపడదు గానీ చూడనన్నా చూడు. అందుకైనా ఈసారి బస్టాండుకు వచ్చి నువ్వే దింపుకో.

గోపిక


సూర్యాపేట, దవాఖాన నుంచి,
15 మే

అక్కా,

బావకు స్వాతి ఫోన్ చేసింది కాబట్టి అమ్మ పడిందని నీకు తెలిసే ఉంటుంది. తుంటి ఎముక విరిగింది. మిర్యాలగూడలో చూసి ఇక్కడికి రాశారు. ఆపరేషన్ అయింది, మెలకువ వచ్చింది, నన్ను గుర్తుపట్టింది. ప్రాణానికి భయం లేదన్నారు. నువ్వు రేపు వచ్చేలోగా ఎలా జరిగిందో కాగితం మీద పెడుతున్నాను. నీ ఎదుట చెప్పే ధైర్యం నాకు లేదు, ఇది చేతిలో పెడతాను.

పలకలు బిగించాక అమ్మను డాబా మీదికి తీసుకుపోయి చూపించాను. "ఇగ కరెంటు ఫ్రీ అమ్మా, కూలర్ ఆపకు" అని చెప్పి మిల్లుకు పోయాను. ఆమె ఏదో అంది. నాకు వినపడలేదు, మళ్లీ అడగలేదు. స్వాతికి మాత్రం గట్టిగా చెప్పాను, అమ్మ ఏమన్నా సరే కూలర్ వేసే డ్యూటీకి పో అని. స్వాతి రోజూ వేసి పోయేది. అమ్మ రోజూ ఆపేది.

మొన్న కూలర్ తొట్టి కారి గచ్చు తడిసింది. స్విచ్ బోర్డు కూలర్ వెనకాలే ఉంది. ఆపడానికి పోయి జారి పడింది. మూలుగు విని పక్కింటి రాజమ్మ వచ్చేదాకా ఆ నీళ్లలోనే పడి ఉంది. కూలర్ ఆమె మీదికి వీస్తూనే ఉందట.

ఎందుకు ఆపావని స్వాతి అడిగితే ఏమందో తెలుసా? "ఎండ గింత మంచిగ కాస్తాంది. నేనొక్కదాన్నే కూలర్ ముంగట కూసుంటే వాడేమమ్ముకుంటడు?" అందట. ఈ అమ్ముకునే మాట ఆమె బుర్రలోకి ఎట్లా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. నేను ఫ్రీ అన్నాను, ఆమె ఇంకోటి విన్నది. ఆమెకు బిల్లు భయం లేకుండా చేద్దామనుకుంటే నా లాభం కోసం ఓర్చుకుంది.

ఈ పాపం నాదే. ఇంకెవరిదీ కాదు.

మురళి


కోదాడ,
8 జూన్

మురళీ,

నీ ఉత్తరంలో ఒక తప్పు ఉంది. పాపం ఇంకెవరిదీ కాదన్నావు. దవాఖానలో నీ ఎదురుగా నిలబడి చెబుదామనుకున్నాను. నీకు చెప్పాలంటే అరవాలి, అరిస్తే వార్డంతా వింటుంది, పక్క మంచం మీద అమ్మ కూడా వింటుంది. చెప్పలేక నీళ్ల సీసా తెస్తానని బయటికి పోయాను.

అమ్ముకునే మాట చెప్పింది నేనే. ఏప్రిల్‌లో రాశాను, నవ్వులాటగా అన్నానని. నువ్వు మరిచిపోయినట్టున్నావు, నేను మరవలేదు. పాలు కూడా అమ్మే మన ఇంట్లో పిల్లలకు కూడా కొలిచి పోసిన మనిషి ఆమె. మన నాయన వెంకన్న ఉన్నప్పుడు గిన్నె అడుగున మిగిలినవే కదా ఆమె తాగింది. అలాంటి దాని ముందు ఆ పోలిక తెచ్చాను. పైగా చుట్టాలు వస్తున్నారని ముందే పంపాను. ఓణీల ఫంక్షన్ ఫోటోల్లో నేను నవ్వుతూ ఉన్నాను, చూడబుద్ధి కావడం లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు, నాకైతే దోసెడు వచ్చింది.

నీ వంతు అయినా అమ్మను ఇక్కడికి తెచ్చింది నిన్ను నమ్మక కాదు. స్వాతి డ్యూటీ మానలేదు, నేను షాపు ఇంట్లోకి మార్చుకోగలను, అంతే. కుట్టుమిషన్ హాల్లోకి తెచ్చాను, అమ్మ మంచం పక్కనే. వంతులంటావా, అవి గొర్లను పంచుకున్నట్టు మనం పంచుకున్నవే కదా. ఆమెను ఎవరడిగారు?

నువ్వొచ్చి ఒకసారి చూసిపో. నీ కోసం తలుపు వైపు చూస్తోంది.

గోపిక


మిర్యాలగూడ,
10 ఆగస్టు

అక్కా,

రెండు నెలలుగా రాలేదని నువ్వు తిట్టుకుంటున్నావని తెలుసు. ఇక్కడి బస్టాండుకు రెండుసార్లు పోయాను. బావ బస్సు చూసి వెనక్కి తిరిగాను. ఏ ముఖం పెట్టుకుని ఆ మంచం పక్కన కూర్చోవాలి? ఎట్లున్నవమ్మా అని అడిగితే ఆమె మంచిగున్న అంటుంది, నాకు వినపడకపోయినా తెలుసు. ఆ మాట భరించలేక రావడం లేదు.

కానీ ఈరోజు ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిన్నాను. బావ నీ జూలై బిల్లు ఇచ్చాడు. రెండొందల అరవై ఎనిమిది! అమ్మ నీ ఇంట్లో ఉండగా బిల్లు పెరగడం ఇదే మొదటిసారి. స్వాతికి చూపించి, "చూసినవా, అమ్మ వాడుకుంటాంది!" అని అరిచాను. రాజమ్మ కూడా ఏమైందోనని వచ్చింది. ఇన్నాళ్లకు ఆమె మనసు మారింది, అది నీ వల్లే అయింది. నువ్వు పక్కన కూర్చుని ఏం చెప్పి ఒప్పించావో నాకు రాయి, నేనూ నేర్చుకుంటాను.

బావకు ఇక సాకు లేదు. మీ ఇంటికి కూడా మూడు కిలోవాట్లు ఖాయం. ఉపేందర్‌కు చెప్పేశాను. బిల్లు ఎక్కువ వస్తే ఇంత సంతోషపడేవాణ్ని నువ్వు ఎక్కడా చూసి ఉండవు.

నీ తమ్ముడు
మురళి


కోదాడ,
16 ఆగస్టు

మురళీ,

నీ ఉత్తరం చదివి కుట్టుమిషన్ ఆపి ఇది రాస్తున్నాను. నీ సంతోషం పాడుచేయాలని లేదు. కానీ అబద్ధం రాస్తే ఇంకో పాపం నెత్తికెత్తుకున్నదాన్నవుతాను.

లెక్క సరైనదే. యూనిట్లు పెరిగాయి. అమ్మ మనసు మారి కాదురా, అమ్మ లేవలేక పెరిగాయి.

స్విచ్ బోర్డు ఆమె మంచానికి ఎదురు గోడకు ఉంది. నేను ఫ్యాన్ వేస్తాను, కూలర్ వేస్తాను, వాషింగ్ మిషన్‌లో దుప్పట్లు వేస్తాను. ఆమె పడుకుని ఆ బోర్డు వైపే చూస్తూ ఉంటుంది. "ఆపు బిడ్డా, సల్లగనే ఉన్నది" అంటుంది, నుదుటి మీద చెమట ఉండగానే. పోయిన వారం చేతికర్ర దగ్గర పెట్టమంది. నడవాలనిపించిందేమోనని నేను ఎంత సంబరపడ్డానో. బట్టలు ఇచ్చి రావడానికి వీధి చివరకు పోయి వచ్చేసరికి మంచం మీద నుంచే కర్ర చాచి స్విచ్ అందుకోవాలని చూస్తోంది. అందలేదు. నన్ను చూసి కర్ర దుప్పటి కింద దాచింది.

కర్ర తీసేసుకుందామనుకున్నాను. మంచం ఇంకాస్త దూరం జరుపుదామని కూడా అనుకున్నాను, ఒక చెయ్యి వేశాను కూడా. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. కాలు విరిగింది చాలక ఇప్పుడు చెయ్యి కూడా కట్టేస్తామా?

మీ బావా నేనూ కలిసి మంచాన్ని ఆ గోడకే జరిపాం, చెయ్యి చాపితే అందేలాగ. "నీ ఇష్టమమ్మా. ఆపుకుంటే ఆపుకో" అన్నాను. ఆమె నన్నూ బోర్డునూ మార్చి మార్చి చూసింది. చెయ్యి ఎత్తి స్విచ్ మీద పెట్టింది. నేను వద్దనలేదు, పోయి ఆమె మంచం మీదే కూర్చుని జాకెట్‌కు కాజాలు కుడుతున్నాను. మెడ మీద చెమట కారుతుంటే కొంగుతో తుడుచుకున్నాను.

"ఉక్కపోస్తాందా బిడ్డా?" అంది.

"అవునమ్మా."

స్విచ్ మీద నుంచి చెయ్యి తీసేసింది. ఆ చేత్తోనే నా వీపు నిమిరి, "ఉండనీ మరి" అంది.

అంతేరా. ఆ రోజు నుంచి నేను మంచం మీద కూర్చున్నంతసేపూ ఫ్యాన్ తిరుగుతోంది. నేను వంటింట్లోకి పోతే ఆగిపోతోంది, తిరిగి వస్తే తనే వేస్తోంది. నువ్వు అడిగిన ఉపాయం ఇదే, ఇంకేం చెప్పి ఒప్పించలేదు. మూడు కిలోవాట్లు పెట్టినా ఐదు పెట్టినా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

నాకు కుట్టుపని, వంటపని ఉన్నాయి. రోజంతా కూర్చోలేను. నీ ముఖం సంగతి తర్వాత చూసుకుందాం, అమ్మకు నీ ముఖంతో పేచీ లేదు. ఆదివారం పొద్దున మీ బావ డ్యూటీ మిర్యాలగూడ నుంచి వచ్చే మొదటి బస్సు మీదే. మిల్లుకు సెలవు పెట్టి ఎక్కు. సీటు ఆపి ఉంచుతాడు.

అక్క
గోపిక